కరెంటు పెట్టే గదిలోకి మన జిల్లాల ఫిజిక్స్ పిల్లలను పంపండి

పాలమూరు విశ్వవిద్యాలయం, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రెండు చోట్లా ఫిజిక్స్ విభాగాల్లో పాఠాలు చెప్తున్న ఆచార్యులకు,

నమస్కారం. నేను దేవరకొండ వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. నా దగ్గర బీఎస్సీ చదివిన పిల్లలు చాలామంది మీ దగ్గరికే ఎమ్మెస్సీకి వస్తారు, కాబట్టి ఈ లేఖ మీకు రాసే చనువు నాకుందనే అనుకుంటున్నాను. సంగతి సూటిగా చెప్తాను. మన రెండు యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ మొదలుపెట్టండి. అది ఈ ఏడాదికి కాకపోతే, కనీసం ఇప్పుడున్న ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఒక ఐచ్ఛిక పేపరుగానైనా పెట్టండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు మా చిన్నమ్మ సంగతి చెప్పాలి.

చిన్నమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో ఒక దవాఖానకు రాశారు. ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టాలి, వారానికోసారి కీమో, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ ఇంకొన్ని సార్లు. మన దగ్గర రేడియేషన్ అని ఎవరంటారు, కరెంటు పెట్టడమనే అంటారు. దేవరకొండ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు, రోజూ పోయి రావడం ఆమె వల్ల అయ్యే పని కాదు, అందుకని దవాఖాన వెనుక సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఒక వారం నేను, ఒక వారం మా తమ్ముడు ఉన్నాం. రెండో రోజో మూడో రోజో చిన్నమ్మ బయటికి వచ్చి చీర సర్దుకుంటూ నన్ను అడిగింది, "బిడ్డా, నన్నొక్కదాన్నే ఆ బల్ల మీద పండవెట్టి అందరు బయటికి ఉరుకుతున్నరు. మంచి చేసేదే అయితే వాళ్లెందుకు ఉరుకుతున్నరురా?"

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఫోటాన్ శక్తి, అయనీకరణం, విలోమ వర్గ నియమం, అన్నీ నోటికి వచ్చు. ఆమెకు అర్థమయ్యే మాట ఒక్కటి నా నోట్లోంచి రాలేదు. అక్కడే కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక అమ్మాయి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది: "అమ్మా, జబ్బు నీకుంది కాబట్టి నీకిది మందు. మాకు జబ్బు లేదు కదా, మందెందుకు? రోజుకు యాభై అరవై మంది వస్తరు, అందరితోపాటు మేము కూడ లోపల నిలవడితే ఊరికే మా మీద పడుతది. నిన్నైతే టీవీల సూస్తనే ఉంటం, ఏమన్న అనిపిస్తే చెయ్యి లేపు, మిషన్ ఆపేస్తం." ఆ రోజు నుంచి చిన్నమ్మ భయపడలేదు.

నేను ఆ అమ్మాయిని డాక్టర్ అనుకున్నాను. కాదు. ఆమె మెడికల్ ఫిజిసిస్ట్. ఖమ్మం వైపు పిల్ల, బీఎస్సీ ఎంపీసీ చదివి, ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్‌కు చెన్నై వెళ్లిందట. ఇన్నేళ్లు ఫిజిక్స్ చెప్తూ, ఇటువంటి ఉద్యోగం ఒకటుందని నా విద్యార్థులకు నేను ఒక్కసారైనా చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఒక శనివారం మధ్యాహ్నం పేషెంట్లు అయిపోయాక, నేను ఫిజిక్స్ మాస్టారునని తెలిసి, ఆమె పని చూడటానికి రమ్మన్నది. మిషన్ కింద ఒక అద్దాల తొట్టిలాంటిది పెట్టి నీళ్లు పోశారు. మనిషి ఒళ్లు ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ముందు నీళ్లలో కొలుస్తారు. నీటి మట్టానికి సరిగ్గా 10 సెంటీమీటర్ల లోతులో చిటికెన వేలంత చాంబర్, అంటే అయనీకరణ గది, అందులో అర సీసీకి కొంచెం పైన గాలి. బీమ్ ఆన్ చేస్తే ఆ గాలిలో పుట్టే విద్యుదావేశాన్ని బట్టి డోసు లెక్కకడతారు. పక్కన ఒక థర్మామీటరు, గోడకు ఒక పీడన మాపకం. ఇవెందుకమ్మా అంటే, "సార్, ఈ రోజు గది వేడిగా ఉంటే చాంబర్లో గాలి పలుచబడతది, అదే డోసుకు రీడింగ్ తక్కువొస్తది, సరిచేయకపోతే పేషెంటుకు ఎక్కువ ఇచ్చేస్తం" అన్నది. ఇంటర్ ఫస్టియర్‌లో మనం చెప్పే ఆదర్శ వాయు సమీకరణమే అది! మార్కుల కోసం బట్టీ పట్టించే ఆ సమీకరణం అక్కడ మా చిన్నమ్మ పేగులు కాలకుండా కాపాడుతోంది. పేషెంటుకు అందే డోసు అనుకున్నదానికి 5 శాతానికి మించి అటూఇటూ కాకూడదని అంతర్జాతీయంగా పెట్టుకున్న లెక్క. తక్కువైతే గడ్డ మిగిలిపోతుంది, ఎక్కువైతే పక్కనున్న మంచి అవయవం దెబ్బతింటుంది. డాక్టరు ఎంత డోసు, ఎక్కడికి అని రాస్తారు. ఆ డోసు నిజంగా అక్కడికే, అంతే వెళ్తోందని పూచీపడేది ఈ ఫిజిక్స్ చదివిన మనిషి.

మిషన్ మధ్యలో నాలుగు పనిదినాలు ఖరాబైంది. ఏ దవాఖాన అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, మిషన్ అన్నాక ఖరాబవుతుంది. కానీ ఈ క్యాన్సర్‌కు మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు ముగియాలంటారు, రోజులు సాగేకొద్దీ గడ్డ మళ్లీ పుంజుకునే అవకాశం ఉంటుంది. వరండాలో జనం గొణుగుతున్నారు, ఒకరిద్దరు సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోయారు, వాళ్లు తిరిగొచ్చారో లేదో నాకు తెలియదు. మిషన్ బాగయ్యాక ఆ అమ్మాయీ డాక్టరూ కూర్చుని ఒక్కొక్క పేషెంటుకు పోయిన రోజులు ఎట్లా పూడ్చాలో లెక్కలు వేశారు. కొందరికి శనివారం కూడా పెట్టారు, కొందరికి ఒకే రోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టారు. ఆ నాలుగు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, అంత టెన్షన్. మన జిల్లాలో ఒక మిషన్ ఉండి, దాన్ని చూసుకునే ఇద్దరు ముగ్గురు ఫిజిసిస్టులు ఉండి ఉంటే అని ఆ వరండాలోనే మొదటిసారి అనుకున్నాను.

తర్వాత లోపలి నుంచి ఇచ్చే చికిత్స, బ్రాకీథెరపీ. ఇరిడియం 192 అనే రేడియోధార్మిక పదార్థం, నూకగింజంత ముక్క, సన్నటి తీగ చివర ఉంటుంది. అది గొట్టంలోంచి గడ్డ దగ్గరికి వెళ్లి, అనుకున్నన్ని సెకన్లు అక్కడ నిలబడి, తిరిగి పెట్టెలోకి వచ్చేస్తుంది. మూత్రాశయం, పురీషనాళం ఆ పక్కనే ఉంటాయి. వాటిని కాపాడేది ఏమిటంటారు, మళ్లీ విలోమ వర్గ నియమమే. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇరిడియం అర్ధాయువు, అంటే దాని బలం సగానికి పడిపోయే కాలం, 74 రోజులు, అందుకే మూడు నాలుగు నెలలకోసారి దాన్ని మార్చాలి, మార్చినప్పుడల్లా మళ్లీ కొలవాలి. బయటి నుంచి కరెంటు పెట్టే కోబాల్ట్ మిషన్ అయితే అర్ధాయువు 5.27 ఏళ్లు, నెలకు దాదాపు ఒక శాతం బలం తగ్గుతుంది, రెండు నిమిషాలు పడుకోవాల్సిన మనిషి అయిదేళ్ల తర్వాత నాలుగు నిమిషాలు పడుకోవాలి. మన బీఎస్సీ పరీక్షలో అర్ధాయువు మీద ఐదు మార్కుల లెక్క ఇస్తాం కదా సార్, ఆ లెక్కలో కోబాల్ట్ అనే మాట ఉంటుంది, పేషెంటు అనే మాట ఉండదు. నేనూ ఇన్నేళ్లు అట్లానే ఇచ్చాను.

ఇంటికొచ్చాక ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. వైద్యంలో మనం గొప్పగా చెప్పుకునే పరికరాల్లో చాలావాటికి పునాది ఫిజిక్స్ వాళ్లే వేశారు. 1895 నవంబరు 8న రాంట్జెన్ ఎక్స్‌కిరణాలు కనుక్కున్నాడు, డిసెంబరులో భార్య చేతి ఎముకల ఫోటో తీశాడు, కొద్ది నెలల్లోనే యూరప్, అమెరికా దవాఖానల్లో విరిగిన ఎముకలు చూడటం మొదలైంది. ఆయన పేటెంటు తీసుకోలేదు, అందరికీ అందాలన్నాడు. మేరీ క్యూరీ మొదటి ప్రపంచ యుద్ధంలో బండి మీద ఎక్స్‌రే మిషన్ పెట్టుకుని గాయపడ్డ సైనికుల దగ్గరికే వెళ్లింది. అల్ట్రాసౌండ్ వెనుక పియెర్ క్యూరీ, ఆయన అన్న కలిసి 1880లో కనుక్కున్న పీడన విద్యుత్, అంటే స్ఫటికాన్ని నొక్కితే పుట్టే విద్యుత్ ఉంది. ఎంఆర్ఐ వెనుక 1946లో బ్లాక్, పర్సెల్ చూసిన కేంద్రక అయస్కాంత అనునాదం, అంటే అయస్కాంతం మధ్య పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించడం ఉంది.

కానీ వీటన్నిటికంటే నాకు ఎక్కువ పట్టుకున్నది అలన్ కార్మాక్ కథ. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆ ఊళ్లో గ్రూట్ షూర్ దవాఖానలో పనిచేసే ఫిజిసిస్ట్ ఒకాయన ఉద్యోగం మానేశాడు. రేడియోధార్మిక ఐసోటోపులు వాడాలంటే అర్హత ఉన్న ఫిజిసిస్ట్ పర్యవేక్షణ ఉండాలని అక్కడి చట్టం, కాబట్టి 1956లో వారానికి ఒకటిన్నర రోజు వచ్చి చూడమని కార్మాక్‌ను అడిగారు. వెళ్లాడు. అక్కడ రేడియేషన్ ఎంత ఇవ్వాలో ప్లాన్ చేయడం చూసి, శరీరమంతా ఒకే రకం పదార్థమన్నట్టు లెక్క వేస్తున్నారేమిటి, ఎముక వేరు, ఊపిరితిత్తి వేరు, కండ వేరు కదా అనుకున్నాడు. బయటి నుంచి కొలిచి లోపల ఎక్కడ ఏముందో లెక్కగట్టలేమా అని ఆలోచించి, అల్యూమినియం బిళ్ల చుట్టూ చెక్క పెట్టి ప్రయోగం చేశాడు. 1963లో, 64లో వ్యాసాలు అచ్చయితే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు, కాపీ పంపమని అడిగినవాళ్లలో మంచు చరియల మీద పరిశోధన చేసే స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి. ఇంగ్లండ్‌లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఆయన సంగతి తెలియకుండానే అదే దారిలో మిషన్ తయారుచేశాడు, 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి పేషెంటు తలను స్కాన్ చేశారు, 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు, అదీ వైద్యంలో. ఇవాళ మిర్యాలగూడలో, జడ్చర్లలో సీటీ స్కాన్ తీయించుకుంటున్నామంటే అందులో వారానికి ఒకటిన్నర రోజు దవాఖానకు వెళ్లిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నాడు. మీ విభాగాల్లో ఎంతమంది మీ ఊళ్లోని పెద్ద దవాఖాన రేడియాలజీ గదిలోకి ఒక్కసారైనా వెళ్లారు? తప్పుపట్టి అడగడం లేదు, నేనూ వెళ్లలేదు, చిన్నమ్మకు జబ్బు చేస్తే తప్ప.

మన దగ్గర ఈ దారి మరీ దగ్గర. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, నల్లగొండలో 2019లో వచ్చింది, పాలమూరు యూనివర్సిటీ 2008 నుంచి, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007 నుంచి ఉన్నాయి. రెండు ఊళ్లలోనూ ఫిజిక్స్ విభాగం ఉంది, బోధనాసుపత్రి ఉంది. ఒకరి గడప ఒకరు తొక్కడమే మిగిలింది.

పని కూడా మన నేల నుంచే పుడుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. వంగిపోయిన నడుములు అందరూ చూశారు, ఎక్స్‌రే ఫిల్ము కొద్దిమందే చూసి ఉంటారు. వెన్నుపూసలు సున్నం కొట్టినట్టు తెల్లగా, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడి కనిపిస్తుంది. ఎముక దిట్టంగా కనిపిస్తుంది కానీ బలం ఉండదు, ఫ్లోరైడ్ చేసే మోసం అదే. ఇప్పుడు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా మిషన్లు వచ్చాయి. మామూలు మనుషుల ఎముకల మీద కట్టిన ప్రమాణంతో మన మర్రిగూడ ముసలామెను కొలిస్తే, సాంద్రత బాగానే ఉందమ్మా, భయం లేదు అని చీటీ ఇస్తారు, ఆమె రేపు జారిపడితే తుంటి విరుగుతుంది. ఈ కొలతను మన మనుషులకు తగ్గట్టు ఎట్లా చదవాలన్నది ఫిజిక్స్ ప్రశ్న. మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీకి ఇంతకంటే మంచి అంశం నాకైతే తోచడం లేదు.

ఇంకొకటి స్కాన్ సెంటర్లు. మన పట్టణాల్లో వీధికొకటి వచ్చాయి, మంచిదే. అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, 1983 నుంచి ఉంది. ఎక్స్‌రే, సీటీ మిషన్లకు దాని అనుమతి ఉండాలి, రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష చేయించాలి. కానీ ఆ పరీక్ష చేసేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది దొరుకుతారు? ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే పొట్ట సీటీకి ఎన్నో రెట్లు ఎక్కువ డోసు పడుతుంది. అవసరమైతే తీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు, సీటీ ఎన్నో ప్రాణాలు నిలబెడుతోంది. అయితే చిన్న పిల్లకు పెద్దవాళ్ల సెట్టింగుతోనే తీస్తే అనవసరంగా ఎక్కువ పడుతుంది. ఒక సెంటర్లో నేను కళ్లారా చూశాను, ఏడుస్తున్న పిల్లవాణ్ని ఎక్స్‌రేకు కదలకుండా పట్టుకోమని తల్లికి చెప్పారు, ఆమెకు సీసపు ఏప్రాన్ ఇవ్వలేదు. ఏప్రాన్ అక్కడే గోడకు వేలాడుతోంది. అడిగితే "ఒక్క సెకనే కదా సార్" అన్నాడు టెక్నీషియన్. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, చెప్పేవాళ్లు లేరు. రెండు వారాలు శిక్షణ ఇస్తే వాడే పదిమందికి చెప్తాడు.

భయం వైపు కూడా చూడండి. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని అమ్రాబాద్ నుంచి దేవరకొండ దాకా జనం లేచినప్పుడు నేనూ సంతకం పెట్టాను, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేస్తే సంతోషించాను, ఇవాళ కూడా నా మాట అదే. కానీ ఆ రోజుల్లో రేడియేషన్ అన్న మాట ఊరూరికీ భయంగానే చేరింది, వివరంగా చేరలేదు. మా పక్క తండాలో ఒకామెకు రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు పెట్టాలని చీటీ రాస్తే, ఒళ్లంతా కాలిపోతదట, ఇంట్లో పిల్లలకు కూడ అంటుకుంటదట అని ఎవరో చెబితే పోనేలేదు. బయటి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ బల్ల దిగిన క్షణంలో అయిపోతుంది, ఒంట్లో మిగలదు, పిల్లలను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు. ఈ రెండు ముక్కలు ఆమె భాషలో ఆమెకు చెప్పే మనిషి మన దగ్గర లేకపోయె. ఆ పని మా చిన్నమ్మకు జరిగినట్టు ఆమెకు జరగలేదు.

మీకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మెడికల్ ఫిజిక్స్ కోర్సు ఊరికే బోర్డు తగిలించి నడిపేది కాదు. ఏఈఆర్‌బీ గుర్తింపు ఉండాలి, చదువయ్యాక అన్ని సౌకర్యాలున్న రేడియేషన్ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, తర్వాత రేడియేషన్ భద్రతాధికారి పరీక్ష పాస్ కావాలి. నిజమే. మొదట్లో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానతో ఒప్పందం చేసుకోండి, అది ప్రభుత్వానిదే. భాభా అణు పరిశోధన కేంద్రం 1962 నుంచి ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది, వాళ్లను సలహా అడగండి. చెన్నై అన్నా యూనివర్సిటీ వాళ్లు ఎట్లా నడుపుతున్నారో వెళ్లి చూసి రండి, కావాలంటే నేనూ సొంత ఖర్చుతో వస్తాను. ఉద్యోగాలు ఎక్కడ అంటారేమో, ఫిజిసిస్ట్ లేకుండా ఏ రేడియేషన్ సెంటరూ నడపకూడదన్నది నిబంధన. కొత్త మిషన్ ఎక్కడ పెట్టినా వీళ్లు కావాల్సిందే. ఇప్పుడు మన ఎమ్మెస్సీ పిల్లలు ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో ఎంత జీతానికి పనిచేస్తున్నారో, అశోక్‌నగర్ గదుల్లో ఎన్నేళ్లు గ్రూప్స్‌కు చదువుతున్నారో మీకు తెలియనిది కాదు.

రేడియేషన్ మిషన్ పెట్టడం మీ చేతిలో లేదు, అది వైద్య ఆరోగ్య శాఖ పని. కేంద్ర బడ్జెట్‌లో 2025లో జిల్లా దవాఖానల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు అన్నారు, అవి ఉన్నచోట కీమోకు హైదరాబాద్ పోయే బాధ కొంత తప్పుతుంది. కరెంటుకు మాత్రం తప్పదు. గోడలే మీటరుకు మించిన మందంతో కాంక్రీటు పోయాలి, కోట్ల ఖర్చు. అయినా పాలమూరు, నల్లగొండ బోధనాసుపత్రుల్లో ఎక్కడో ఒక చోటైనా ఒక మిషన్ రావాలి, మన దేశంలోనే తయారైన భాభాట్రాన్ అనే కోబాల్ట్ మిషన్ కూడా ఉంది. అయితే నా అనుభవంతో చెప్తున్నాను, మిషన్ ముందు వచ్చి మనిషి తర్వాత రావడం మన దవాఖానల్లో చాలాసార్లు చూశాం, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా మూలన పడి ఉన్న పరికరాలు చూశాం. ఈసారి మనుషులను ముందు తయారుచేద్దాం. ఆ పని మీ చేతిలో ఉంది.

చిన్నమ్మ ఇప్పుడు బాగుంది. మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాం. మొన్న మా ఫైనలియర్ క్లాసుకు ఆమెను తీసుకొచ్చాను, బల్ల మీద పడుకున్న సంగతి, అందరూ ఉరికిన సంగతి ఆమె మాటల్లోనే పిల్లలకు చెప్పింది. క్లాసయ్యాక పదకొండు మంది నా దగ్గరికి వచ్చి ఈ కోర్సు ఎక్కడుంది సార్ అని అడిగారు. అందులో ఏడుగురు ఆడపిల్లలు, ఇద్దరు తండాల నుంచి వస్తున్నవాళ్లు. చెన్నై పంపే స్తోమత వాళ్ల ఇళ్లల్లో లేదు. నల్లగొండకు బస్‌పాస్ ఉంది.

ఆ పదకొండు మందిని వెంటబెట్టుకుని మిమ్మల్ని కలవాలనుకుంటున్నాం. ఏ వారం, ఏ రోజు రమ్మంటారో చెప్పండి, రెండు చోట్లకూ వస్తాం.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక ఫిజిక్స్ లెక్చరర్